హార్కట్ పుస్తకంలో 143వ పేజీ

2025 ఆగస్టు 14, గురువారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మలేషియాలోని క్లాంగ్‌లో జోసెఫ్ కాంతయ్యకు ఆస్ట్రేలియా నుంచి ఈమెయిల్ వచ్చింది. పుస్తకం శుక్రవారం సాయంత్రం ఐదింటికి అచ్చుకు వెళుతుంది. మెల్‌బోర్న్‌లో ఐదంటే క్లాంగ్‌లో మధ్యాహ్నం మూడు. జతచేసిన 143వ పేజీలో ఆరో పంక్తి నుంచి ఇలా ఉంది: "మలయాలో ఉండగా ఆల్ఫ్రెడ్‌కు ఒక భారతీయ స్త్రీ వల్ల కొడుకు పుట్టాడు. ఆమె పేరు తెలియదు."

ఆ కొడుకు జోసెఫ్ తండ్రి. పేరు తెలియని స్త్రీ జోసెఫ్ మామ్మ.

జోసెఫ్‌కు డెబ్భై రెండేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళ పని చేశాడు. ఇంకా ఇరవై తొమ్మిది గంటల యాభై నిమిషాలు ఉన్నాయని ఈమెయిల్ చదువుతుండగానే లెక్క వేసుకున్నాడు. మామ్మ పేరు కోసం అప్పటికి పదమూడు నెలలుగా వెతుకుతున్నాడు.

ఇదంతా రెండేళ్ళ కిందట మొదలైంది. అతని పుట్టినరోజుకు కూతురు మెలిస్సా ఒక చిన్న పెట్టె తెచ్చింది. అందులో ఒక గొట్టం ఉంది. గొట్టంలో ఉమ్మి పంపిస్తే డీఎన్ఏ చూసి చుట్టాలెవరో చెబుతారు. "నాకున్న సుట్టాలు సాలరా?" అంటూనే ఉమ్మి పంపించాడు. ఆరు వారాల తర్వాత విక్టోరియా రాష్ట్రం, హార్షమ్ అనే ఊరి నుంచి హీథర్ హార్కట్ అనే రిటైర్డ్ టీచర్ రాసింది. తన తాత పెర్సీ, జోసెఫ్ తాత ఆల్ఫ్రెడ్ అన్నదమ్ములని రక్తం చెబుతోందట. ఆల్ఫ్రెడ్ 1925లో మలయాలో బంటింగ్ దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో అసిస్టెంటుగా చేరాడు. 1931 ఫిబ్రవరిలో రబ్బరు ధర పడిపోయినప్పుడు తిరిగి వెళ్ళిపోయాడు. తర్వాత అక్కడ పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు కూతుళ్ళు, 1962లో పోయాడు. అతని ప్రార్థన పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక తేదీ ఉంది. 1929 అక్టోబరు 11. ఆ తేదీ ఏమిటో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. జోసెఫ్ తండ్రి గుర్తింపు కార్డు మీద పుట్టిన తేదీ అదే.

ఆల్ఫ్రెడ్ అనే దొర ఉన్నాడని జోసెఫ్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. తండ్రి కళ్ళ రంగు చూసి ఎస్టేట్‌లో అందరూ అనుకునేదే. తండ్రి మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

హీథర్ ఆ వంశం చరిత్ర రాస్తోంది. ఇంగ్లీషులో ఆమెది దూరపు వరస. అన్నదమ్ముల మనవలు కాబట్టి మన లెక్కలో ఆమె చెల్లెలవుతుందని జోసెఫ్ రాశాడు. తనకు అన్నదమ్ములు లేరని, ఆ లెక్కే బాగుందని హీథర్ జవాబిచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఈమెయిల్ చివరా "మీ చెల్లి" అని సంతకం పెడుతోంది.

ఆమె పంపిన రాతప్రతిని జోసెఫ్ రెండుసార్లు చదివాడు. మొదటివాడు విలియం హార్కట్, ఆల్ఫ్రెడ్‌కు తాత. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఇంకొకరి పొలంలో నాగలి పట్టిన కూలీ. 1854లో ఇరవై నాలుగేళ్ళ వయసులో భార్య హన్నాతో ఓడ ఎక్కాడు. తొంభై ఎనిమిది రోజులకు ఆస్ట్రేలియాలోని గీలాంగ్ రేవులో దిగాడు. ఇరవై ఏళ్ళు ఇతరుల గొర్రెలు కాశాడు, ఇతరుల కంచెలు వేశాడు. 1874లో విమెరా ప్రాంతంలో సర్కారు దగ్గర మూడు వందల ఇరవై ఎకరాలు తీసుకున్నాడు. అక్కడే కాపురం ఉండాలి, కంచె వేయాలి, పదో వంతు దున్నాలి. లేకపోతే భూమి వెనక్కి పోతుంది. చెట్టు బెరడుతో గుడిసె కట్టాడు. మొదటి గోధుమ పంటకు తెగులు పట్టింది. రెండోది ఎండింది. మూడోది చేతికొచ్చింది. ఇద్దరు పిల్లల్ని ఆ నేలలోనే పూడ్చారు. తమ్ముడికి రాసిన ఉత్తరంలో విలియం అన్నాడు: "ఇక్కడి నేలలో రాళ్ళు లేవు. తిట్టుకోవడానికి ఏమీ దొరక్క దున్నడం తోచడం లేదు." ఆ వాక్యం చదివినప్పుడల్లా జోసెఫ్ నవ్వుతాడు. విలియంకి ముందు ఆ నేల మీద ఉన్నవాళ్ళ గురించి హీథర్ ఒక పేజీ రాసింది. వాళ్ళ పేర్లు తమ ఇంటి కాగితాల్లో ఒక్కటీ లేవని అందులో ఒప్పుకుంది. విలియం ఎద్దుల పేర్లు ఉన్నాయి. డ్యూక్, నెల్సన్.

మామ్మ పేరు కోసం జోసెఫ్ తిరగని చోటు లేదు. తండ్రి బాప్తిస్మం 1938లో జరిగింది. చర్చి రిజిస్టరులో తల్లి పేరు ఉండాల్సిన గడిలో "హిందువు" అని మాత్రం ఉంది. ఎస్టేట్ హాజరు పట్టీలు జపానువాళ్ళ కాలంలో పోయాయి. కౌలాలంపూర్‌లో పాత కాగితాలు చూడటానికి తొమ్మిదిసార్లు వెళ్ళాడు. తండ్రి బతికున్నన్నాళ్ళూ "మాయమ్మ" అన్నాడే తప్ప పేరు అనలేదు. తల్లిని పేరు పెట్టి ఎవరంటారు?

పదింటికి మెలిస్సాకు ఫోన్ చేశాడు. మెలిస్సాకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ; మాటల మధ్య ఇంగ్లీషు, మలాయ్, తమిళం దొర్లుతాయి. క్లాంగ్‌లో ఒక ఆఫీసులో పని.

"డాడీ, ఆ అచ్చమ్మ పాట్టి జొహోర్ నించి వచ్చేసినాది కదా. అడిగినావా?"

"ఎప్పుడొచ్చినాది?"

"లాస్ట్ వీక్ లా. నీకు సెప్పినాను. నువ్వు విన్లేదు."

అచ్చమ్మ ఆ ఎస్టేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. తొంభై ఒక్కేళ్ళు. రెండేళ్ళు జొహోర్‌లో కొడుకు దగ్గర ఉండి బంటింగ్‌కు తిరిగి వచ్చింది. జోసెఫ్ కారు తీశాడు. ఎస్టేట్ ఉన్న చోట ఇప్పుడు వరుస ఇళ్ళున్నాయి. అచ్చమ్మ ఇల్లు రెండో వరుసలో మూడోది. వీధి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవులు? కాంతయ్య కొడుకువి కాదేటి? ఓలమ్మో, నెత్తి మీద జుట్టేదిరా?"

"రైల్వేకి ఇచ్చేసినాను, పిన్నీ."

"పెన్షన్లో తిరిగియ్యలేదేటి?"

మనవరాలు టీ తెచ్చింది. జోసెఫ్ సగం తాగి, వచ్చిన పని చెప్పాడు.

"పిన్నీ, మా మామ్మ పేరేటి?"

"నానెప్పుడూ పెద్దమ్మా అనీదాన్ని."

"అది కాదు. పేరు."

"పెద్దోల్ని పేరెట్టి పిలుస్తారేటిరా? మీయమ్మ అలగే పెంచినాదా నిన్ను?"

"మిగతా వోళ్ళేటనీవోరు?"

"కాంతయ్య తల్లి అనీవోరు. ఇంకేటంటారు?" అచ్చమ్మ కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది. "రబ్బరు పాలు కొయ్యడం నాకు మీ మామ్మే నేర్పినాది. కత్తి సెట్టుకి లోనకి తగల్నివ్వకే, తగిలితే ఆ సెట్టు మరి పాలియ్యదనీది. దొర ఓడెక్కిన మర్నాడు తెల్లారి పనిలోకి పేర్లు పిలిసినప్పుడు అందరికంటే ముందు నిలబడ్డాదట. మాయమ్మ సెప్పీది. ఎవులూ ఏటీ అనలేకపోనారట."

"పేర్లు పిలిసినప్పుడు ఏ పేరు పిలిసినారో మీయమ్మ సెప్పలేదా?"

"లేదురా. మీ మామ్మ నాకు పన్నెండేళ్ళప్పుడే పోయినాది. జపానోడు పోయిన మరుసటేడు." జోసెఫ్ లేవబోయాడు. అచ్చమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మీ అప్పనెప్పుడైనా అడిగినావేటి?"

జోసెఫ్ అక్క పేరు ఆనీ. శ్రీకాకుళం వాడుకలో ఆ ఇంట్లో అక్కను అప్ప అంటారు.

"అప్పకేటి తెలుస్తాది పిన్నీ? మామ్మ పోయిన ఏడాదికి కదా పుట్టినాది."

"అందుకే అడుగుతన్నాను. పోయినావిడ పేరు ఆ వెంటనే పుట్టిన ఆడపిల్లకి కాక ఎవులికెడతారు? ఆనీ అన్నది సర్చీ పేరు. ఇంట్లో మీయమ్మ దాన్నేటని పిలిసీది?"

అమ్మ తన కూతుర్ని "అత్తా" అని పిలిచేది. అత్తా, అన్నం తిను. అత్తా, గిన్నెలు కడుగు. అప్ప చిన్నప్పటి నుంచీ అందరి మీదా పెత్తనం చేసేది కాబట్టి అమ్మ వేళాకోళంగా అలా అంటోందని జోసెఫ్ అనుకున్నాడు. డెబ్భై రెండేళ్ళు అదే అనుకున్నాడు.

"అత్తగారి పేరు కోడలు నోటంట అనకూడదు," అంది అచ్చమ్మ. "ఆ పేరు పిల్ల మీద ఎట్టినాక, పిల్లని తిట్టాలన్నా పిలవాలన్నా ఎలగ? అందుకని అత్తా అనీది. ఆ మాత్రం తెలీదేటిరా, ఇంత సదివినావు?"

ఆనీ ఇల్లు క్లాంగ్‌లో జోసెఫ్ ఇంటికి రెండు వీధుల అవతల. ప్రతి ఆదివారం చర్చిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు.

భోజనం పెట్టనిదే అచ్చమ్మ కదలనివ్వలేదు. నాలుగూ ఇరవైకి జోసెఫ్ ఆనీ ఇంటికి చేరాడు. ఆనీకి డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త పోయి పదకొండేళ్ళు. వంటింట్లో పీట మీద కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది.

"అప్పా, ఇంట్లో నీ పేరేటి?"

ఆనీ తలెత్తలేదు. "అచ్చమ్మ పిన్ని సెప్పినాదా?"

"సెప్పినాది."

"పదమూడు నెల్లు. కౌలాలంపూరు ఎల్లినావు, సర్చీ బీరువాలు దులిపినావు, ఆస్ట్రేలియా వోళ్ళనడిగినావు. ఈ నెత్తల్నైనా అడుగుదువు గానీ నన్నడిగినావేటి?"

"నువ్వు పుట్టకముందు పోయినావిడ కదాని—"

"మరి నువ్వెప్పుడు పుట్టినావు?"

జోసెఫ్ పీట ఇంకోటి లాక్కుని కూర్చుని తనూ నెత్తళ్ళు తుంచడం మొదలుపెట్టాడు. "తెలుసు కదా, నువ్వే సెప్పొచ్చు కదప్పా."

"ఎందుకు సెప్పాల? నువ్వా పొత్తం పట్టుకుని తాతా తాతా అని ఊరేగుతన్నావు. ఆ తాత మామ్మని వొగ్గేసి ఓడెక్కినాడు. వోళ్ళ పొత్తంలో మామ్మని ఎలగ నిలబెడతన్నారో తెలీకుండా నానెందుకు పేరిస్తాను?"

జోసెఫ్ జేబులోంచి 143వ పేజీ తీసి, ఆరో పంక్తి తెలుగులో చెప్పాడు. ఆనీ విన్నది.

"పొత్తం మొదట్నించీ సదువు," అంది. "ఎవుల పక్కన కూకోబెడతన్నామో సూడాల కదా."

ఇంటికి వెళ్ళి రాతప్రతి తెచ్చాడు. నాలుగు ముప్పావు నుంచి ఏడింటి దాకా ముఖ్యమైన పేజీలు ఏరుకుంటూ, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదివాడు. తెలుగు దొరకని చోట తమిళం, అదీ దొరకని చోట మలాయ్. ఆనీ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. విలియం ఓడ దిగినప్పుడు "ఆడూ కూలోడేనేటి?" అంది. బెరడు గుడిసె దగ్గర "మన ఎస్టేట్‌లో కూలీల లైనిళ్ళే నయం," అంది. హన్నా రెండో పిల్లను పూడ్చినచోట ఆపమంది. లేచి నీళ్ళు తాగి వచ్చి, సదువు అంది. రాళ్ళు లేని నేల ఉత్తరానికి నవ్వింది.

"నాగలి పట్టినోడే అన్నమాట. దొర్లు కాదు. మరి మనవడు దొరెలగైనాడు?"

"ఇక్కడికొచ్చి అయినాడు."

డ్యూక్, నెల్సన్ దగ్గర మళ్ళీ ఆపింది. "ఇవేటి?"

"ఎద్దులప్పా."

"ఎద్దుల పేర్లు రాసుకున్నారు."

"రాసుకున్నారు."

ఆనీ లేచి లైటు వేసింది. "రేపు మెలిస్సాని తీసుకురా. అది టైపు సేస్తాది. నువ్వు తప్పులెడతావు," అంది.

శుక్రవారం నమాజు వల్ల ఆ ఊరి ఆఫీసుల్లో మధ్యాహ్న విరామం ఎక్కువ. మెలిస్సా ఒంటిగంటా పదికి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఆనీ ముందు భోజనం పెట్టింది. నెత్తళ్ళ వేపుడు, చారు. తొందరగా తినమని జోసెఫ్ రెండుసార్లు అన్నాడు. తింటూ తొందరపెట్టకూడదని ఆనీ ఒకసారే అంది. ఒకటీ నలభైకి బల్ల తుడిచారు.

ఆనీ ఎస్టేట్‌లోని తెలుగు బడిలో ఆరో తరగతి దాకా చదివింది. జోసెఫ్ ఇంగ్లీషు బడికి వెళ్ళాడు, తెలుగు రాయడం రాదు. గోడ క్యాలెండర్‌లోంచి జులై కాగితం చించి, వెనక వైపు ఆనీ పెన్నుతో రాసింది. రాసి తమ్ముడి వైపు తిప్పింది. అతను కూడబలుక్కుని చదివాడు.

సనపల అసిరమ్మ.

"నానా నా పెళ్ళినాడు సెప్పినాడు," అంది ఆనీ. "అరవై తొమ్మిదిలో. నెత్తి మీద సెయ్యెట్టి, అసిరమ్మా, సుకంగా ఉండమ్మా అన్నాడు. అదొక్కసారే. ఆ పేరెవులిదంటే మాయమ్మది, నీది అన్నాడు."

"నానెక్కడున్నాను?"

"నువ్వు బస్సులో సామాన్లు లెక్కెడతన్నావు."

మెలిస్సా టైపు చేయబోయింది. "అత్తా, రాయనా? ఆల్ఫ్రెడ్ హ్యాడ్ ఎ సన్ బై అసిరమ్మ, అని. బోలే లా?" అంది, సరేనా అన్నట్టు.

"బోలే కాదు. ఎవులితో మొదలెట్టినావు?"

"ఆల్ఫ్రెడ్."

"మామ్మతో మొదలెట్టు. కొడుకుని కన్నాది, పెంచినాది ఆవిడ. ఆడు ఏడాదిన్నర సూసి ఎల్లిపోనాడు."

"భార్య అని రాయాలా?" అన్నాడు జోసెఫ్.

"పెళ్ళయిందా?"

"కాగితం లేదు."

"మరి లేనిది రాయకు. ఉంచుకున్నాడనీ రాయకు, అదీ నువ్వు సూళ్ళేదు. కొడుకు పుట్టినాడు, కొడుకు తండ్రి ఆడు. ఇది నిజం. ఇదే రాయి."

అసిరమ్మ తండ్రి కూర్మయ్యది టెక్కలి దగ్గర ఊరని నాన్న చెప్పినట్టు ఇద్దరికీ గుర్తుంది. ఊరి పేరు ఇద్దరికీ గుర్తు లేదు. టెక్కలి దగ్గర అనే రాయాలని జోసెఫ్ అన్నాడు, ఆనీ ఒప్పుకుంది. పని కూడా ఉండాలని ఆనీ అంది. భారతీయ స్త్రీ అన్న మాట తీసేయమంది. "టెక్కలంటే ఎక్కడుందో తెలీనోడు సూసుకుంటాడు."

ఒకటీ యాభై ఎనిమిదికి మెలిస్సా పంపింది. రెండూ తొమ్మిదికి హీథర్ జవాబు వచ్చింది. పేరు చూసి ఏడ్చానని మొదటి వాక్యం. రెండో వాక్యంలో ఇబ్బంది. పేజీలన్నీ అమర్చేశారు. పాతది రెండు పంక్తులు, కొత్తది నాలుగు. రెండు పంక్తులు పెరిగితే తర్వాతి డెబ్భై పేజీలూ కదులుతాయి, ప్రెస్సువాళ్ళు ఒప్పుకోరు. ఏదైనా తగ్గించగలరా?

"పని తీసేద్దాం," అన్నాడు జోసెఫ్.

"ఆవిడ ఇరవయ్యేళ్ళు పాలు కోసినాది."

"కూర్మయ్య తాతని?"

"తండ్రి లేకండా మనిషేటిరా?"

"డాడీ, టెక్కలి?" అంది మెలిస్సా.

"టెక్కలి తీస్తే నాను పేరు వెనక్కి తీసుకుంటాను," అంది ఆనీ. కాగితం తన వైపు లాక్కుంది.

రెండూ పందొమ్మిది అయింది. జోసెఫ్ 143వ పేజీని మొదటి పంక్తి నుంచి చదివాడు. పైన ఆల్ఫ్రెడ్ 1927లో క్లాంగ్‌లో ఆడిన క్రికెట్ ఆట ఉంది. ముప్ఫై నాలుగు పరుగులు కొట్టాడు. రెండు పంక్తులు. అతను వేలు పెట్టి మెలిస్సాకు చూపించాడు. తాత గురించి అతనికి తెలిసిన సంగతులు పదికి మించి లేవు. అందులో అదొకటి.

"అడగనా?" అంది మెలిస్సా.

"వోళ్ళ తాత కూడా. మనం తియ్యమనకూడదు."

"నీకూ తాతే కదరా," అంది ఆనీ. "నువ్వడుగు."

జోసెఫ్ తనే టైపు చేశాడు. ఒక్క వేలితో నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రెండు పంక్తులూ తనకు ఇష్టమని, అయినా తీసేయమని అడుగుతున్నానని రాశాడు. మెలిస్సా రెండు తప్పులు దిద్దింది. రెండూ ఇరవై ఆరుకు వెళ్ళింది.

జవాబు రాలేదు. రెండూ ముప్ఫై అయిదుకు ఆనీ టీ పెట్టింది. జోసెఫ్ తాగలేదు. రెండూ నలభైకి మెలిస్సా ఆఫీసుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది.

రెండూ నలభై మూడుకు దిద్దిన పేజీ వచ్చింది. క్రికెట్ లేదు. మెలిస్సా తెరను అత్త వైపు తిప్పి, వేలితో ఒక్కో మాటా చూపిస్తూ చదివింది. జోసెఫ్ తెలుగులో చెప్పాడు: "సనపల అసిరమ్మ, టెక్కలి దగ్గరి సనపల కూర్మయ్య కూతురు, బంటింగ్ దగ్గరి ఎస్టేట్‌లో రబ్బరు పాలు తీసేది. 1929 అక్టోబరు 11న ఆమెకు కొడుకు కాంతయ్య పుట్టాడు. అతని తండ్రి ఆల్ఫ్రెడ్ హార్కట్."

ఆనీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇంకోసారి," అంది. జోసెఫ్ మళ్ళీ చెప్పాడు.

ఈమెయిల్ చివర హీథర్ ఒక ప్రశ్న అడిగింది. పుస్తకం చివర 211వ పేజీలో వంశవృక్షం ఉంది. అందులో జోసెఫ్ అక్క పేరు ఆనీ అని ఉంది. అది సరైన పేరేనా?

మెలిస్సా చదివి వినిపించింది. జోసెఫ్ అక్క వైపు చూశాడు.

"ఎంత టైముంది?" అంది ఆనీ.

"పన్నెండు నిమిషాలు."

"రాయి మరి. కూకున్నావేటి?"

రెండూ నలభై తొమ్మిదికి మెలిస్సా అత్త అసలు పేరు పంపింది. రెండూ యాభై ఆరుకు హీథర్ రాసింది: ఇప్పుడే ప్రెస్సుకు పంపాను, మీ చెల్లి.

పుస్తకం సెప్టెంబరు 22న అచ్చయింది. మొత్తం 214 పేజీలు. అసిరమ్మ పేరు 143వ పేజీలో ఒకసారి ఉంది, 211వ పేజీలో రెండుసార్లు ఉంది.